హరిశ్చంద్రుడికి రాజ్యం తిరిగొచ్చింది, మరి కాటికాపరికి?

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో చావు డప్పు కొట్టేదీ, బొంద తవ్వేదీ, అందరూ ఇళ్లకు మళ్లినా బొందలగడ్డ దగ్గర మిగిలేదీ ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాల వాళ్లే. కొన్నిచోట్ల వాళ్లను బేగరోళ్లు అంటారు. వెట్టిచాకిరీకి ఉన్న పాత పేరు ‘బేగారు’ నుంచి వచ్చిన మాట అది. వాళ్లతో మాట్లాడుతుంటే పెద్దవాళ్లు హరిశ్చంద్రుణ్ని తలుచుకుంటారు. రాజంతటివాడే కాటికి కాపలా కాశాడంటారు. అందులో గర్వమెంతో ఎత్తిపొడుపెంతో మేం తేల్చుకోలేకపోయాం.

మన దేశంలో సినిమా మొదలైందే ఆ కథతో. 1913 మే 3న బొంబాయిలో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైంది. తారామతి వేషానికి ఆడవాళ్లెవరూ ఒప్పుకోకపోతే, హోటల్లో వంట చేసే సాళుంకే అనే యువకుడితో వేయించారు. 1917లో కలకత్తాలో జె.ఎఫ్. మదన్ కంపెనీ అదే కథను ‘సత్యవాది రాజా హరిశ్చంద్ర’గా తీసింది. దానికి ఆధారం అప్పటికే జనాదరణ పొందిన ఉర్దూ నాటకం. నాటకానికి ప్రాణం పాటా మాటా. మూకీలో అవి రెండూ పోయాయి. తెర మీద వచ్చే అక్షరాలు చదువొచ్చిన వాళ్లకే. మిగతావాళ్లకు బొమ్మే కథ.

ఆ బొమ్మలో చూసేవాళ్ల కన్నీళ్లు ఎవరి కోసం? చండాలుడికి బానిసైన రాజు కోసం. ఆ పనిలోనే పుట్టి ఆ పనిలోనే పోయే మనిషి కోసం కాదు. పైగా మార్కండేయ పురాణం ప్రకారం ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడు. చివరికి రాజుకు రాజ్యం వస్తుంది, కొడుకు బతుకుతాడు. కాటికాపరి మాత్రం దేవుడై కథలోంచే మాయమైపోతాడు. కథలో ఉన్న ఒక్క దళితుడూ దళితుడు కాకుండా పోయాడన్నమాట!

తెలుగు నాటకరంగం మూకీ పోగొట్టిన గొంతును నిలబెట్టుకుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’లో కాటిసీను కోసమే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. ఆ సీనులో నటులు బలిజేపల్లి పద్యాలతో పాటు జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలూ పాడారు. వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించిన కవి మాట అలా రాజు నోట పలికింది. వీరబాహు నోట కాదు, గమనించండి. చావు ముందు అందరూ సమానమేనన్న ఆ భావానికి చప్పట్లు కొట్టినవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు.

కథలో కాటిసుంకానికి లెక్క ఉంది. కన్నకొడుకు శవానికైనా భార్య దగ్గర అడిగి తీరాల్సిందే. మేం తిరిగిన ఊళ్లలో బొంద తవ్వినందుకు ఇంత అని లెక్క లేదు, ఇచ్చినంతే. బొందలగడ్డలూ కులానికొకటి. ఊరి పెద్దలకు బొంద తవ్వే మనిషికి తన బొంద ఇంకోచోట.