మట్టిగోడల కంతలు పూడ్చుట

మట్టిగోడకు పడిన కంతను సిమెంటుతో పూడ్చరాదా యని పంచాయతీ సభ్యులు మమ్ము అడుగుచుందురు. పూడ్చరాదనియే మా సమాధానము. మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. సిమెంటు అట్లు కాదు. అతుకు చుట్టును బీటవారి, వాననీరు లోనికి దిగి, ఆరు దారి లేక గోడను నానబెట్టును. పైకి గట్టిగా కనబడుచునే గోడ ఒకరాత్రి కూలవచ్చును.

కంతలోని వదులుమట్టిని గోకివేసి, అంచులను తడుపవలెను. ఎలుక కన్నమైనచో లోపల రాళ్లు, గాజుపెంకులు దట్టింపవలెను. ఆ గోడమట్టివంటి మట్టినే తరిగిన వరిగడ్డితో త్రొక్కి, కొన్నిదినములు నాననిచ్చి వాడవలెను. నల్లరేగడి యైనచో ఇసుక చేర్చనిదే బీటలు తప్పవు. ఒకేమారు నింపక, పొర ఆరిన పిమ్మట పొర వేయవలెను. తొందరపడినవాని అతుకే ముందు ఊడును. పైన పేడమట్టితో అలికిన చాలును.

రోహిణి కార్తె దాటకముందే ఈ పని ముగియవలెను. వీధినీరు గోడమొదట చేరకుండ కాలువ త్రవ్వించుట పంచాయతీ వంతు.