సూదిబెజ్జపు కెమెరా

ఛాయాచిత్ర యంత్రమనగానే కటకము, మీట, తెర మున్నగునవి మనకు స్ఫురించును. నేడు చేతిలో నిముడు టెలిఫోను సయితము క్షణములో బొమ్మను తీయుచున్నది గాని, ఆ బొమ్మ లోపల నెట్లు పడుచున్నదో తెరచి చూచుటకు వీలు లేదు. కటకము లేకయే, ఒక అట్టపెట్టెతోను ఒక సూదితోను బొమ్మ తీయవచ్చునని మా ఉపాధ్యాయులు చెప్పగా మాలో పలువురము నమ్మలేదు. నమ్మనివారమే మొదట పనికి పూనుకొంటిమి.

దీని మర్మమంతయు ఒక్క మాటలో నున్నది. వెలుతురు సరళరేఖలలో పయనించును. ఒక కొబ్బరిచెట్టు నెదుట బెజ్జముగల పెట్టె నుంచితిమనుకొనుడు. చెట్టు తలనుండి వచ్చు కిరణములు బెజ్జమున దూరి వెనుకగోడ అడుగున తగులును. మొదలునుండి వచ్చునవి మీదికి పోవును. కావున బొమ్మ తలక్రిందుగను, కుడియెడమలు తారుమారుగను ఏర్పడును. హంపీ విరూపాక్షాలయములో ఒక చీకటిగోడపై తూర్పుగోపురము తలక్రిందుగా కానవచ్చుట యీ కారణముననే. జనులు దానిని గోపురపు నీడ యందురు. అది నీడ కాదు, బొమ్మ.

చీనాదేశమున మోజీ అను పండితుడు క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దిలోనే యీ వింతను గుర్తించెను. క్రీ.శ. 1000 ప్రాంతమున ఇబ్న్ అల్ హైతమ్ దీనిని శ్రద్ధగా పరిశోధించెను. కెమెరా యను లాటిను మాటకు గది యని యర్థము. 'చీకటిగది' అను అర్థమిచ్చు పూర్తి పేరును 1604లో కెప్లరు వాడెను. మన పెట్టెయు నట్టి గదియే, కొంచెము చిన్నది.

మేము తీసికొన్నది 10 సెంటీమీటర్ల లోతుగల చెప్పుల పెట్టె. లోపల దీపపుమసిలో జిగురు కలిపి పూసితిమి. మూతలో చిన్న కిటికీ కోసి, పానీయపు డబ్బానుండి కత్తిరించిన పలుచని రేకును దానికి అంటించితిమి. సూదితో నొక్కసారిగా పొడువరాదు. రేకును అట్టపై నుంచి, సూదిని మెల్లగా త్రిప్పుచు మొన మాత్రము దిగునట్లు అదిమి, రెండు వైపులను సన్నని గరుకుకాగితముతో రుద్దవలెను. అంచున చిన్న పొక్కు మిగిలినను బొమ్మ చెడును. మూత అంచులకును మూలలకును నల్లని అంటుపట్టీ వేసితిమి. మూతగా పనిచేయుటకు బెజ్జముపై నొక నల్లపట్టీ ముక్క చాలును.

బెజ్జమెంత యుండవలెనన్నదే మా తరగతిలో పెద్ద తగవు. ఎంత చిన్నదైన నంత స్పష్టమని కొందరు వాదించిరి. 2 మిల్లీమీటర్ల బెజ్జముతో బొమ్మ మసకగా నుండెను. 1 మిల్లీమీటరుతో మెరుగయ్యెను. సగము మిల్లీమీటరు చేరువ బెజ్జముతో కిటికీ చువ్వలు లెక్కింప వీలయ్యెను. అంతకంటె బాగుగ సన్నగిల్లజేసినపుడు మాత్రము, వాదించినవారి యాశ్చర్యమునకు, బొమ్మ మరల మసకబారెను! మిక్కిలి ఇరుకైన దారిలో వెలుతురు తరంగము గనుక ప్రక్కలకు వ్యాపించును. దీనినే వివర్తన మందురు. లార్డు రేలీ 1891లో దీనికొక లెక్క చూపెను. బెజ్జమునుండి కాగితమునకు గల దూరమును వెలుగు తరంగదైర్ఘ్యముతో గుణించి, వర్గమూలము గట్టి, 1.9చే హెచ్చింపవలెను. మా పెట్టెకు 100ని 0.00055చే గుణింపగా 0.055, దాని వర్గమూలము సుమారు 0.2345, హెచ్చింపగా 0.45 మిల్లీమీటరు. తగవు తీరినది.

ఫిలిముకు బదులు ఛాయాచిత్రపు కాగితమునే వాడితిమి. ఎఱ్ఱదీపపు వెలుతురున దానిని నిర్భయముగా మసలించవచ్చును గనుక బడిలోని సామానుగదియే మాకు చాలెను. కాగితము బెజ్జపు వెడల్పునకు 222 రెట్ల దూరమున నుండుటచే వెలుతురు మిక్కిలి తక్కువ. మా కాగితపు వేగమును 6గా తీసికొని లెక్కింపగా మంచి ఎండలో 32 సెకనులు వచ్చెను. నీడపట్టున నిమిషములే పట్టును. పెట్టె కదలరాదు, మీద నొక ఇటుక పెట్టితిమి. తరువాత కాగితమును డెవలపరులోను, వినిగరు కలిపిన నీటిలోను, హైపోలోను వరుసగా ముంచి కడిగితిమి. తెల్లని కాగితముపై ఏమియు లేనిచోట మొదట ఆకాశము నల్లగా, పిదప బడి కప్పు తెల్లగా తేలివచ్చుట చూడదగినదే గాని చెప్పదగినది కాదు. ఆ తారుమారు బొమ్మను మరియొక కాగితముపై బోర్లించి వెలుతురు చూపినచో సరియైన బొమ్మ వచ్చును.

ఇందొక చిత్రమున్నది. ఆ అర నిమిషములో ముంగిట నడచిపోయిన నలుగురిలో ఒక్కరును బొమ్మలో లేరు; గోడకు చేరవేసిన సైకిలు మాత్రము చక్రములతో సహా పడినది. దగ్గరి పూలకుండియు దూరపు నీళ్లట్యాంకియు ఇంచుమించు సమానమైన స్పష్టతతో నుండెను. రెండు బెజ్జములు పొడిచితిమా, రెండు బడులు!

సూర్యుని కొలుచుటయు ఈ బెజ్జముచేతనే సాధ్యమయ్యెను. చీకటిగదిలో కిటికీకి 2 మిల్లీమీటర్ల బెజ్జమునుంచి, 2 మీటర్ల దూరమున తెల్లకాగితము పట్టగా పడిన గుండ్రని బొమ్మ సుమారు 19 మిల్లీమీటర్లుండెను. అనగా దూరము వ్యాసమునకు సుమారు 105 రెట్లు. సూర్యుని దూరమగు 14,96,00,000 కిలోమీటర్లను దీనిచే భాగింపగా దాదాపు 14,25,000 వచ్చును. నిజమైన వ్యాసము దాదాపు 13,92,000. బెజ్జపు వెడల్పు బొమ్మ అంచునకు చేరుటచే మన సంఖ్య కొంచెము పెరిగినది. వేపచెట్టు క్రింద రూపాయిబిళ్లలవలె పడు వెలుగుచుక్కలును ఇట్టి సూర్యబింబములే.

1980 ఫిబ్రవరి 16వ తేదీన తెలుగునాట కొన్ని జిల్లాలలో సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు తలుపులు మూసికొని యింటనే యుండినవా రనేకులని పెద్దలు చెప్పుదురు. బయటికి వచ్చుటలో కీడు లేదు. సూర్యుని సూటిగా చూచుటలో గలదు. బెజ్జములోనుండి సయితము సూర్యుని చూడరాదు. కంటిలోని పొర కాలినను నొప్పి తెలియదు. సూర్యునకు వీపు చూపి, బెజ్జము గుండ తెరపై పడు బొమ్మనే చూడవలెను. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయగ్రహణము సాగును. మన ప్రాంతమున పాక్షికముగా కానవచ్చును. ఆనాటికి పెట్టె సిద్ధము కాని వారు ఇంటిలోని జల్లెడను ఎండకు పట్టినను చాలును. దాని క్రింద నేలపై ఎన్ని బెజ్జములో అన్ని కొరుకుడుపడిన సూర్యులు కానవచ్చును.