తాళపుచెవి లేని పెట్టె

క్రీ.శ. 1086లో ఇంగ్లండు రాజగు విలియము తన రాజ్యమందలి భూములను, పశువులను లెక్కింపించి గ్రంథస్థము చేయించెను. గొఱ్ఱెతోలుపై వ్రాసిన ఆ డూమ్స్‌డే గ్రంథమును నేటికిని చదువవచ్చును. దాని తొమ్మిదివందల యేండ్ల స్మృతికై 1986లో బి.బి.సి. సంస్థ అట్టి దేశవృత్తాంతమునే నూతనముగా సిద్ధపరచెను. బడిపిల్లలు తమ యూళ్ల విశేషములను వ్రాసి పంపిరి. అంతయు రెండు లేజరు డిస్కులపై నెక్కింపబడెను.

కాని వానిని చదువు ప్రత్యేక యంత్రములు సుమారు పదునేనేండ్లలో మూలబడెను. డిస్కులున్నను లోని రచన చదువుట దుర్లభమయ్యెను. అప్పుడు లీడ్సు, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు డిస్కులలోని సమాచారమును క్రొత్త కంప్యూటరులోనికి దింపి, పాత యంత్రమువలె వర్తించు ప్రోగ్రామును వ్రాసి, 2002లో దానిని మరల చూపగలిగిరి.

బాలలారా! తోలుపుటను చదువుటకు కన్ను చాలును. డిస్కునకు యంత్రమును కావలెను. కావున దాచుటయే చాలదు. యంత్రము మూలబడకమునుపే క్రొత్తదానిలోనికి మార్చుకొనవలెను.