ఆకాశానికి హద్దురాళ్లు



ఒక వార్షికోత్సవం నాడు కార్యక్రమాలు మధ్యలో ఉండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది. అందరం గ్రౌండులోనే కూర్చొని ముచ్చట్లు పెట్టుకున్నాం. అప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు పైకి చూపించి, “అన్నా, గ్రహాలు కదుల్తయి గని చుక్కలు కదలవంటరు గదా. కదలనివాటిని సైంటిస్టులు మళ్ల మళ్ల ఎందుకు కొలుస్తున్రు?” అని అడిగాడు. మాలో డిగ్రీలు చదివినవాళ్లం నలుగురం ఉన్నాం. ఒక్కరం కూడా సరిగా చెప్పలేకపోయాం. ఆ బాకీ ఈ సంచికలో తీర్చుకుంటున్నాం.

ముందు ఆ ‘కదలవు’ అన్న మాటను సరిచేయాలి. చుక్కలు కదులుతాయి. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ఉరుకుతాయి. మెట్‌పల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు మీది చెట్లు గిర్రున వెనక్కి పోతాయి, దూరాన ఉన్న గుట్ట మాత్రం కదిలినట్టే ఉండదు. చుక్కల సంగతీ అంతే. దూరం ఎక్కువ కాబట్టి ఒక మనిషి బతికినన్నాళ్లు చూసినా కంటికి తేడా తెలియదు. తోకచుక్కతో మనందరికీ తెలిసిన ఎడ్మండ్ హేలీ 1718లో గ్రీకుల కాలం నాటి పాత కొలతలను తన కాలపు కొలతలతో పోల్చి, సిరియస్ వంటి కొన్ని నక్షత్రాలు పాతచోట లేవని చెప్పాడు. చలికాలం రాత్రుల్లో అన్నిటికంటే ఎక్కువ మెరిసే చుక్క ఆ సిరియస్. అది చందమామ వెడల్పంత దూరం జరగడానికి సుమారు 1350 ఏళ్లు పడుతుంది. ఇది వేగంగా జరిగే వాటిలో లెక్క. మిగతావాటిలో చాలావరకు ఇంకా మెల్లగా నడుస్తాయి.

అంటే చుక్క నడకను పట్టుకోవడానికి రెండే మార్గాలు. కొలత చాలా సూక్ష్మంగానైనా ఉండాలి, రెండు కొలతల మధ్య చాలా ఏళ్లైనా గడవాలి. ఈ రెండో మార్గంలో మన హైదరాబాదు చేసిన పని ఒకటుంది. మన పుస్తకాల్లో అది కనబడదు గనుక కొంచెం వివరంగానే చెప్తాం.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి కొలవాలని తీర్మానించారు. భూమిని తాలూకాలుగా పంచుకున్నట్టు ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ ఇచ్చారు. దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మొదట చిలీ దేశంలోని సాంటియాగోకు పడింది. అక్కడ పని సాగలేదు. చివరికి ఆ పట్టీ హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది.

ఆ అబ్జర్వేటరీది మరో కథ. నవాబ్ జఫర్ జంగ్ అనే పాయిగా ప్రభువు తన సొంత డబ్బుతో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలో దాన్ని మొదలుపెట్టాడు. ఆయన 1907లో చనిపోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొంది. తర్వాత బేగంపేటకు మార్చారు. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషు డైరెక్టర్ల తర్వాత 1918లో టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకొని 1944 వరకు నడిపారు. 1919 నుంచి అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

హైదరాబాదు పట్టీ మనకు కొత్తదేమీ కాదు. ఫిబ్రవరి నడుమ, పసుపు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసి కావలి పడుకునే రోజుల్లో, రాత్రి ఎనిమిదింటికి దక్షిణం వైపు తిరగండి. గొర్రుకొయ్యలు అని మన పెద్దలు పిలిచే మూడు చుక్కల వరుస నెత్తికి దగ్గరగా కనబడుతుంది. దానికి చాలా కిందుగా, నేలకూ నడినెత్తికీ సగం కంటే కొంచెం పైన, మసక చుక్కల గుంపు ఒకటి ఉంటుంది. దాన్ని కుందేలు అంటారు. అందులోని పెద్ద చుక్కలు రెండూ హైదరాబాదు పట్టీలోవే. పక్కనే ధగధగలాడే సిరియస్ మాత్రం గీత అవతల కొద్దిలో తప్పిపోయింది. ఎండాకాలంలో చూస్తే మన పంచాంగంలోని అనూరాధ చుక్కల్లో రెండు ఆ పట్టీలోకి వస్తాయి.

1914 నుంచి 1929 వరకు ఆ పట్టీని ముక్కలు ముక్కలుగా గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఒక్కో పలక మీద రెండు డిగ్రీల చదరం, అంటే నాలుగు చందమామలు పక్కపక్కన పెట్టినంత ఆకాశం. మీ చేయి చాచి చిటికెనవేలు అడ్డం పెడితే అది ఒక డిగ్రీ. పలక మీద ముందుగానే సన్నటి గళ్లు ముద్రించి ఉంటాయి. ఫొటో కడిగాక దాన్ని సూక్ష్మదర్శిని ఉన్న కొలిచే యంత్రంలో పెట్టి, ప్రతి చుక్క ఏ గడిలో ఎక్కడ పడిందో అడ్డం ఎంత, నిలువు ఎంత అని చూసి రాసుకోవాలి. మనం గ్రాఫ్ కాగితం మీద బిందువులు గుర్తించే పనే, కాకపోతే తిరగేసి.

ఆ కొలత ఎంత సన్ననిదో చెప్పాలి. డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక భాగం ఆర్క్ సెకను. రెండున్నర సెంటీమీటర్ల బిళ్లను అయిదు కిలోమీటర్ల దూరంలో నిలబెడితే మన కంటి దగ్గర అది చేసే కోణం అంత. ఈ పథకంలో తప్పు ఒక ఆర్క్ సెకనులో మూడో వంతు దగ్గర ఉండేది. పథకానికి పెట్టుకున్న లెక్క ప్రకారం పలక మీద అది మిల్లీమీటరులో సుమారు రెండు వందల వంతు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ పని లక్షల చుక్కలకు, ఒక్కోటి చొప్పున, కంటితో చూసి చేతితో రాశారు. దక్షిణం పట్టీ అయ్యాక, జర్మనీలోని పోట్స్‌డామ్‌కు కేటాయించిన ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల వరకు కూడా హైదరాబాదే తీసుకొంది. మొత్తం 12 సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఉన్నాయి. మాకు నోటుబుక్కులో పది లెక్కలు ఎక్కించడానికే విసుగు వచ్చేది.

అంత చేసినా ఆ సంపుటాలకు చాలాకాలం పెద్ద గిరాకీ లేదు. అందులో ఉన్నవి పలక మీది అడ్డం, నిలువు కొలతలు. వాటిని ఆకాశంలోని స్థానాలుగా మార్చాలంటే ఇంకా ఎంతో లెక్క చేయాలి. ఈలోగా ఖగోళ శాస్త్రం నక్షత్రాలు దేనితో తయారయ్యాయి, ఎట్లా మండుతున్నాయి అన్న వైపు వెళ్లిపోయింది. ఈ కొలతల పథకమే అనేక అబ్జర్వేటరీల కాలాన్నీ డబ్బునూ మింగేసిందని అన్నవాళ్లున్నారు.

తర్వాత 1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని నక్షత్రాల స్థానాలు కొలవడానికే పంపారు. అది 1993 వరకు పనిచేసింది. పాత పలకల కంటే వందల రెట్లు సూక్ష్మంగా లక్షా 18 వేల నక్షత్రాలను కొలిచింది. దాంట్లోనే ఉన్న మరో పరికరం ఇంకా ఇరవై లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు గుర్తించింది గాని, వాటి నడక తేల్చడానికి మూడు నాలుగేళ్లు సరిపోలేదు. అక్కడ అందరికీ పాత సంపుటాలు గుర్తుకొచ్చాయి. హైదరాబాదు, పారిస్, గ్రీనిచ్ వంటి అన్ని అబ్జర్వేటరీల అచ్చు అంకెలను కంప్యూటర్లలోకి ఎక్కించారు. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ వాటన్నిటినీ కలిపి 46 లక్షల నక్షత్రాల పట్టిక చేసింది. ఆ పాత చోట్లనూ ఉపగ్రహం చూసిన కొత్త చోట్లనూ పక్కపక్కన పెట్టి 2000 సంవత్సరంలో టైకో-2 అనే పట్టిక తెచ్చారు. అందులో 25 లక్షల నక్షత్రాలు ఏడాదికి ఎటు, ఎంత జరుగుతున్నాయో ఉంది. ఎంత డబ్బు పెట్టినా కొత్త పరికరం దగ్గర గడిచిపోయిన 80 ఏళ్లు ఉండవు కదా. అవి బేగంపేటలో కూర్చొని పలకలు కొలిచినవాళ్ల దగ్గర ఉన్నాయి.

ఇంకో చిక్కు మిగిలింది. చుక్క జరిగిందంటే దేన్ని బట్టి జరిగింది? మన ఊళ్లల్లో భూమి కొలతకు వస్తే మొదట అడిగేది హద్దురాయి ఎక్కడ అని. టిప్పన్ ఎంత మంచిదైనా, రాయిని రాత్రికి రాత్రి ఎవరైనా రెండడుగులు జరిపితే గొలుసు కొలతంతా తప్పే. అన్ని చుక్కలూ నడుస్తుంటే ఆకాశంలో హద్దురాయి ఏది?

పాతకాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడు ఉండే బిందువును మొదలుగా పెట్టుకున్నారు. ఆ బిందువు కూడా నిలకడగా ఉండదు. భూమి ఇరుసు తిరిగే బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంటుంది గనుక అది దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ జరుగుతుంది. దీనికి సాక్ష్యం మన సంక్రాంతి. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 22 దగ్గర. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం నువ్వులు బెల్లం తినేది జనవరి 14, 15లలో. సుమారు 1700 ఏళ్ల కింద రెండూ ఒక్కనాడే ఉండేవి. మన పండుగ చుక్కలను పట్టుకొని ఉంది, రుతువులు జరిగిపోయాయి.

సరైన హద్దురాళ్లు 1963 తర్వాత దొరికాయి. ఆ ఏడాది మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే మసక చుక్క కాంతిని పరిశీలించి, అది నక్షత్రం కాదనీ మన పాలపుంతకు ఎంతో అవతల, 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో ఉందనీ తేల్చాడు. అటువంటివే క్వాసర్లు. దూరపు గెలాక్సీ నడిబొడ్డులో మహా భారీ కృష్ణబిలం ఉండి, దాంట్లోకి పడుతున్న పదార్థం కాగి వెలిగే వెలుగు అది. అంత దూరాన ఉన్నది సెకనుకు వెయ్యి కిలోమీటర్ల చొప్పున పక్కకు పోయినా మనకు ఏడాదిలో ఆర్క్ సెకనులో ముప్పై లక్షల వంతు కూడా జరగదు. బస్సులోంచి చూసిన గుట్ట మాదిరి. పైగా దూరం నుంచి చూస్తే చుక్కలా సన్నగా ఉంటుంది కాబట్టి గురి పెట్టడం సులువు.

క్వాసర్లు రేడియో తరంగాలు పంపుతాయి. వేల కిలోమీటర్ల ఎడంతో ఉన్న రెండు రేడియో డిష్‌లు ఒకే క్వాసర్‌ను వింటాయి. ఒకదానికి ముందు, ఇంకోదానికి కొంచెం వెనుక చేరుతుంది. ఆ తేడాను అణు గడియారాలతో లెక్కిస్తే క్వాసర్ ఉన్న దిక్కు తెలుస్తుంది. ఇట్లా కొలిచిన 608 మూలాల్లోంచి నమ్మకమైన 212ను ఏరి, 1998 జనవరి 1 నుంచి వాటినే ఆకాశానికి అధికారిక హద్దులుగా ప్రపంచమంతా ఒప్పుకుంది. 2019 నుంచి ఆ జాబితాలో 303 ఉన్నాయి. ఇదే కొలతను తిరగేస్తే భూమి ఎట్లా తిరుగుతోందో తెలుస్తుంది. మీ అన్నల ఫోన్లలో దారి చూపించే ఉపగ్రహాల లెక్కకు అది కావాలి.

హిప్పార్కస్‌కు చూపు తక్కువ. క్వాసర్లలో 3సి 273 ఒక్కటే దానికి అందింది. అందుకే దాని పట్టికను రేడియో హద్దురాళ్లకు అతికించడానికి చుట్టుతిరుగుడు దారులు వెతకాల్సి వచ్చింది. 2013 డిసెంబర్ 19న ఎగిరిన గయా ఉపగ్రహానికి ఆ బాధ లేదు. 2022లో విడుదలైన దాని పట్టికలో 180 కోట్ల నక్షత్రాలు, పదహారు లక్షల క్వాసర్లు ఉన్నాయి. మెరిసే నక్షత్రాల విషయంలో దాని సూక్ష్మత ఎంతంటే, ఇందాకటి బిళ్లను రెండు లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే చందమామ దారిలో సగం దాటాక పెట్టినట్టు. 2025 మార్చి 27న గయాను ఆపేశారు.

ఇదంతా రాసి, ముందుగా ఆ తమ్ముడికే చదివి వినిపించాం. వాడిప్పుడు పదో తరగతి. అంతా విని, “మరి క్వాసర్లు నిజంగనే కదలవా అన్నా?” అన్నాడు. ఈసారి జవాబు మా దగ్గర ఉంది. 2020 డిసెంబర్‌లో గయా బృందం తేల్చింది: అన్ని క్వాసర్లూ కలిసి ఏడాదికి ఆర్క్ సెకనులో రెండు లక్షల వంతు ఒకే దిక్కుకు జరుగుతున్నట్టు కనబడుతున్నాయి. జరిగేది అవి కాదు, మనం. వానలో సైకిల్ తొక్కేటప్పుడు వేగం పెంచితే చినుకులు ముఖం వైపు ఇంకొంచెం వాలినట్టు, సూర్యుడు మనందరినీ వెంటేసుకొని పాలపుంత నడిమి వైపు, ధనూరాశి దిక్కుకు వంగుతున్నాడు. ఏడాదికి మన వేగంలో వచ్చే మార్పు సెకనుకు ఏడు మిల్లీమీటర్లు.

బేగంపేటలో ఆ పాత గుమ్మటం ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఆవరణలో ఉంది. అమీర్‌పేటకు కోచింగ్‌కు పోయినప్పుడు మాలో చాలామందిమి ఆ దగ్గర నుంచే నడిచిపోయాం.