పోటు నేర్పిన బాట

పరకాల పరిసరములందలి చెరువులలో వల వేయువారికి ఇసుకదొంతి క్రొత్తది కాదు. అడుగున ఇసుకపై కదలక పడియుండి, చేయి సోకినంతనే తటాలున దుమికి, మరియొకచోట ఇసుకలో కలసిపోవు ఆ చిన్నచేపను వెల్లకిల త్రిప్పి చూచినచో, పొట్టక్రింది రెండు రెక్కలును ఒకటిగా కూడి గిన్నెవలె ఏర్పడియుండుట కనబడును. ఆ గిన్నె ప్రయోజన మెట్టిదో తెలియవలెనన్న విశాఖపట్టణపు రాతితీరమునకు పోవలెను. అచ్చట శిలల నడుమ నివసించుచు, శాస్త్రజ్ఞులచే బాతిగోబియస్ అని పిలువబడు మరియొక మత్స్యము, అదే వంశమునకు చెందినది, ఆ గిన్నెతోనే రాతిని కరచుకొని అలల తాకిడికి నిలుచుచున్నది.

ఆ తీరపు మత్స్యములు పండితుల కంటబడుట నిన్నటి మాట కాదు. పాట్రిక్ రస్సెల్ అచ్చట సేకరించిన 200 మత్స్యముల వర్ణనములును చిత్రములును 1803లోనే లండనునందు ముద్రితములైనవి. కాని బజారున వెల పలుకని ఈ జానెడైన లేని ప్రాణిని తెలిసికొనుటకు గ్రంథములకంటె రాతిగుంటయొద్ద కొంతసేపు కూర్చుండుట మేలు. బూడిదయు గోధుమయు కలసిన మచ్చల మేను రాతిరంగులో లీనమై యుండును. నెత్తిమీది కన్నులు మాత్రము మెదలుచుండును. ప్రక్కరెక్కల పైయంచున విడివడిన సన్నని పోగులు వెండ్రుకలవలె నీటిలో ఆడుచుండును.

తూర్పుకనుమల ఖోండలైట్ శిలలు సముద్రములోనికి దిగిన ఆ తావులందు దినమునకు రెండుమారులు పోటును, రెండుమారులు పాటును వచ్చును. నీరు వెనుకకు తీసినపుడు పల్లములలో మిగిలిన గుంటలు ఎండకు కాగి ఉప్పదనము హెచ్చును. జడివాన కురిసిన చప్పబడును. రాత్రివేళ నాచు సైతము ప్రాణవాయువును పీల్చుకొనుటచేత చేపకు ఊపిరి కరవగును. కొంగ దిగినచో దాగుటకు చోటే యుండదు. ఇట్టి యాపదలో ఈ జాతి చేపలు గట్టు దాటి ప్రక్కగుంటలోనికి దుముకుట కలదు. గట్టు అడ్డముగా నున్నందున ఆ గుంట వాని కంటికి కానరాదే, మరి గురి యెట్లు కుదురును?

లెస్టర్ అరోన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, బహామా దీవులలోని బిమినీయందు ఈ మత్స్యమునకు దాయాదియైన అట్లాంటికు జాతిపై పరిశోధన చేసి, 1951లో సమాధానము ప్రకటించెను. ఆయన తన ప్రయోగములందు కృత్రిమముగా గుంటలు కట్టించి, నీరు నింపి పోటును, తీసివేసి పాటును కల్పించి చూడగా, పోటువేళ ఆ గుంటలపై ఈదుట కవకాశము లభించిన చేపలు పిదప సరియైన దిక్కునకు దుమికినవి. ఆ యవకాశము లేనివాటికి గురి కుదురుట అరుదయ్యెను. అనగా, నీరు నిండుగా నున్నపుడే ఏ పల్లమెచ్చట నున్నదో చేప నేర్చుకొనుచున్నదన్నమాట! ఆ జ్ఞాపకము సుమారు 40 దినములు నిలుచునని 1971లో ప్రకటితమైన ఆయన పరిశోధన తెలుపుచున్నది. మత్స్యజాతికి బుద్ధి లేదని తేలికగా పలుకువారు ఈ సంగతిని ఒక్కమారు నిదానముగా ఆలోచింపవలెనని నా మనవి. ఆ నేర్చిన విద్యయంతయు ఆ రాళ్లకు, ఆ పల్లములకు మాత్రమే పనికివచ్చును. రాయి పగులగొట్టి తరలించిననాడు చేప బ్రతికియున్నను దాని దారి నశించును.

ఇక సంతానవిషయము. ఆడుచేప రాతి అడుగుభాగమున అంటుకొనునట్లు గ్రుడ్లు పెట్టును. మగచేప అవి పగులువరకు కావలి కాయును. విహారమునకై పోయిన మనవారు, ముఖ్యముగా పిల్లలు, పీతలకొరకు రాయి నెత్తి చూచుట సహజమే; చూచిన పిదప దానిని మొదటనున్న ప్రక్కకే, మెల్లగా దింపవలెను. అడుగుభాగము ఎండకు తిరిగియుండినచో, మరల పోటు వచ్చులోపలనే ఆ గ్రుడ్లు ఎండిపోవును.