డిజిటల్ వీడియో: ఉంచునది, విడుచునది

2005వ సంవత్సరంలో ఈ కళాశాల వార్షికోత్సవ ముషాయిరాను ఒక చిన్న డి.వి. కాసెట్టు మీద చిత్రీకరించారు. అప్పుడు మేము ఇక్కడే ఇంటర్మీడియట్ విద్యార్థులం. ఆ రాత్రి గజల్ చదివిన మా ఉర్దూ ఉస్తాదు గారు నేడు లేరు. చిత్రీకరించిన దుకాణదారు దానిని డి.వి.డి.గా మార్చి ఇచ్చి, ఆ కాసెట్టు మీదనే మరొకరి పెండ్లిని రికార్డు చేశాడు. అడిగితే, “అంతా డిజిటలే గదా, తేడా ఏముంటుంది?” అన్నాడు. ఇటీవల ఆ డి.వి.డి.ని చూడగా, ఉస్తాదు గారు షేర్ చదువుతూ చేయి ఎత్తినప్పుడల్లా వేళ్ళు చదరపు ముక్కలుగా విడిపోతున్నవి. ఆ తేడా ఏమిటో విద్యార్థులకూ, కమిటీ పెద్దలకూ తెలియజెప్పుటకే ఈ వ్యాసం.

ముందుగా రంగు సంగతి. మన కన్ను వెలుగునీడల భేదాన్ని ఎంతో సూక్ష్మంగా పట్టగలదు. రంగుల భేదాన్ని అంతగా పట్టలేదు. ముగ్గు వేసే ఇల్లాలికి ఈ సంగతి తెలుసు. తెల్లని గీత తప్పులేకుండా ఉండాలి. లోపల నింపే రంగు కొంచెం అటూ ఇటూ అయినా ముగ్గు చెడదు. ఇంజనీర్లు చేసినదీ అదే. ప్రతి బిందువుకూ వెలుగును కొలిచి, రంగును మాత్రం కొన్ని బిందువులకే కొలిచారు. 1982లో అంతర్జాతీయంగా అంగీకరించిన స్టూడియో ప్రమాణంలో వరుసలోని ప్రతి నాలుగు బిందువులకు రెండు చోట్ల రంగు తీసుకుంటారు. దీనినే 4:2:2 అంటారు. 1995లో వచ్చిన డి.వి. ఇంకా పొదుపరి. అమెరికా పద్ధతిలో నాలుగింటికి ఒక్క చోట, అనగా 4:1:1; మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో అడ్డంగా రెండింటికి ఒకటి, నిలువుగా రెండింటికి ఒకటి, అనగా 4:2:0. పేర్లు వేరైనా రెండింటిలోనూ మిగిలే రంగు నాలుగవ వంతే. మనుషుల ముఖాలకు ఇది చాలును. ఎర్రని బ్యానరుపై ఆకుపచ్చ అక్షరాలు వ్రాయిస్తే మాత్రం అంచులు అలుక్కుపోతాయి. మన కళాశాల బ్యానర్లన్నీ సరిగ్గా ఆ రంగులలోనే ఉండుట ఒక విచిత్రం!

ఇక కంప్రెషన్, అనగా కుదింపు. పాల్ డి.వి. చిత్రంలో అడ్డంగా 720, నిలువుగా 576 బిందువులు. 4:2:0 పద్ధతిలో ఒక్కొక్క బిందువుకు సగటున 12 బిట్లు. సెకనుకు 25 చిత్రాలు. గుణించి చూడండి: సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల బిట్లు. డి.వి. దీనిని అయిదవ వంతుకు, అనగా రెండున్నర కోట్లకు కుదిస్తుంది. చిత్రాన్ని చిన్న చిన్న చదరాలుగా విభజించి, ఒక్కొక్క చదరంలో కన్ను గమనించని సన్నని వివరాలను వదిలివేస్తుంది. వదిలినది మరల రాదు.

అయినా డి.వి.లో ఒక సుగుణం ఉన్నది. ప్రతి చిత్రాన్నీ విడిగా, సంపూర్ణంగా వ్రాసుకుంటుంది. డి.వి.డి.లోని ఎంపెగ్-2 పద్ధతి అట్లు కాదు. మన ఆఫీసు రిజిస్టరులో పై వరుసలో ఉన్నదే క్రింద వస్తే గుమాస్తా గారు డిటో గుర్తు పెడతారే, అట్లే ఒక చిత్రాన్ని పూర్తిగా వ్రాసి, తరువాతి వాటిలో మారిన భాగాన్ని మాత్రమే వ్రాస్తుంది. స్థలం ఎంతో కలిసివస్తుంది. పై వరుస చినిగితే క్రింది డిటోలకు అర్థం ఉండదు. 2003లో వచ్చిన హెచ్.డి.వి. ఈ ఉపాయంతోనే అదే కాసెట్టుపై, దాదాపు అవే బిట్లతో, 1440 బిందువుల వెడల్పు, 1080 గీతల చిత్రాన్ని ఇమిడ్చింది. కాని టేపుపై గీత పడితే డి.వి.లో ఒక చిత్రంలోని నాలుగు చదరాలు పోయేచోట, హెచ్.డి.వి.లో అర సెకను దృశ్యమే పోవచ్చును.

ఉస్తాదు గారి చేతికి జరిగినది ఇప్పుడు అర్థమవుతుంది. డి.వి.డి.లో దృశ్యానికి సెకనుకు 98 లక్షల బిట్లకు మించి చోటు లేదు. దుకాణాలవారు ఒకే డిస్కులో ఎక్కువ గంటలు పట్టించుటకు అంతకంటె తక్కువే వాడతారు. వారు నిశ్చలంగా కూర్చున్నంతసేపు డిటోలు సరిపోయినవి. చేయి ఎత్తగానే మారిన భాగం పెరిగింది, బిట్లు చాలలేదు. ఒకసారి కుదించినదాన్ని వేరొక పద్ధతిలో మళ్ళీ కుదించిన ఫలితం ఇది. విద్యార్థులు ఫోనులో తీసిన వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు జరిగేదీ ఇదే. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది.

మన గ్రంథాలయ బీరువాలో ఇంకా పదకొండు డి.వి. కాసెట్లు ఉన్నవి. వాటిని డి.వి.డి.లు చేయించవద్దని కమిటీ వారిని కోరుతున్నాము. ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరులోకి తీసుకుంటే కాసెట్టుపై ఉన్న అంకెలే మరల కుదింపు లేకుండా వస్తాయి. గంటకు సుమారు 13 గిగాబైట్లు. అరవై నిమిషాల కాసెట్టుకు అరవై నిమిషాలూ కూర్చోవలసిందే. పదకొండింటికీ కలిపి 143 గిగాబైట్లు, ఈనాడు ఇది పెద్ద స్థలం కాదు. ఇబ్బంది అల్లా యంత్రానిదే. టేపు తిరిగే పాత డి.వి. కెమెరా, ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటరు కావాలి. ఎవరి ఇంటి అటక మీదనైనా అవి ఉంటే మాకు తెలియజేయ ప్రార్థన.