పొలాన్ని పైనుంచి చూడాలంటే: డ్రోన్‌కు తేలికపాటి కెమెరా ఎంపిక

వరి పొట్ట దశకు వచ్చాక మడి మధ్యలోకి వెళ్లి చూడడం కష్టం. గట్టు మీద నిలబడితే ముందున్న నాలుగైదు బారల పైరే కనిపిస్తుంది. పత్తి, మొక్కజొన్న ఏపుగా ఎదిగిన చేలల్లోనూ ఇదే ఇబ్బంది. అందుకే చాలామంది యువ రైతులు చిన్న డ్రోన్‌కో, రిమోట్ హెలికాప్టర్‌కో కెమెరా తగిలించి పొలాన్ని వీడియో తీస్తున్నారు. అయితే దుకాణంలో కెమెరా కొనేటప్పుడు "ఎన్ని మెగాపిక్సెల్స్, 4కే ఉందా" అని మాత్రమే అడిగి తెచ్చుకున్నవారికి, ఇంటికొచ్చి చూస్తే అందమైన పచ్చటి పొలం తప్ప పనికొచ్చే సమాచారం ఏదీ దొరకడం లేదు. పెళ్లి వీడియోకు కావలసిన కెమెరా వేరు, పైరు చూడడానికి కావలసిన కెమెరా వేరు.

ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

ముందుగా ఈ విషయం తేల్చుకోవాలి. నాట్లలో పోయిన మొక్కల ఖాళీలు, నీరు నిలిచి పసుపు తిరిగిన చోట్లు, నీరు అందక వాడిన మూలలు, గాలివానకు పడిపోయిన వరి, అడవి పందులు తొక్కిన మొక్కజొన్న వంటివి మామూలు కెమెరాతోనే బాగా తెలుస్తాయి.

పురుగుల విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. సుడిదోమ వరి దుబ్బుల మొదళ్ల దగ్గర చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూసే కెమెరాకు అది కనిపించదు. గుండ్రంగా ఎండిన సుడులు వీడియోలో కనిపించేసరికి నష్టం మొదలై చాలా రోజులవుతుంది. మిరప పూలలో దాగే తామర పురుగులు, పత్తి కాయ లోపల ఉండే గులాబీ రంగు పురుగు కూడా అంతే. కాబట్టి పొలంలో ఏ చోటికి నడిచి వెళ్లి దుబ్బు తట్టి చూడాలో తెలుసుకోవడానికే వీడియోను వాడుకోవాలి. వీడియో చూసి మందు కొట్టకూడదు.

మెగాపిక్సెల్ కన్నా లెన్స్ ముఖ్యం

ఫోటో అంటే చిన్న చిన్న చుక్కల కూర్పు. ఒక్కో చుక్క నేల మీద ఎంత వెడల్పును చూపిస్తుందనేదే అసలు లెక్క. చిన్న డ్రోన్లలో ఎక్కువగా ఉండే 12 మెగాపిక్సెల్ కెమెరాను (6.17 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సార్, 4.5 మిల్లీమీటర్ల లెన్స్) ఉదాహరణగా తీసుకుందాం. 30 మీటర్ల ఎత్తు నుంచి ఇది నేల మీద సుమారు 41 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. ఫోటోలో అడ్డంగా 4000 చుక్కలు ఉంటాయి కాబట్టి ఒక్కో చుక్క సుమారు 1 సెంటీమీటరు. 4కే వీడియోలో కూడా దాదాపు అంతే. అదే కెమెరాను ఫుల్ హెచ్‌డీలో పెడితే ఒక్కో చుక్క 2 సెంటీమీటర్లు దాటుతుంది. ఒక వస్తువును గుర్తుపట్టాలంటే దాని మీద కనీసం మూడు నాలుగు చుక్కలైనా పడాలి. అంటే 30 మీటర్ల నుంచి అరచేతి వెడల్పున్న పత్తి ఆకు తెలుస్తుంది, ఆకు మీద మచ్చ తెలియదు. మచ్చ చూడాలంటే ఇంకా కిందికి దిగాలి, లేదా గట్టు దిగి నడవాలి. రెండోదే చవక.

ఇక్కడే యాక్షన్ కెమెరాలతో చిక్కు వస్తుంది. బైకు హెల్మెట్‌కు తగిలించే ఈ కెమెరాలకు లెన్స్ చాలా విశాలంగా ఉంటుంది. అడ్డంగా 120 డిగ్రీలు చూసే లెన్స్ 30 మీటర్ల ఎత్తు నుంచి 100 మీటర్లకు పైగా వెడల్పును ఒకే ఫ్రేములో పట్టేస్తుంది. చూడడానికి గొప్పగా ఉంటుంది కానీ అవే 4000 చుక్కలు ఇప్పుడు రెండున్నర రెట్ల వెడల్పుకు పంచుకోవాలి. పైగా అంచుల్లో గట్లు విల్లులా వంగి కనిపిస్తాయి. యాక్షన్ కెమెరా కొనేటప్పుడు "లీనియర్" లేదా "నారో" అనే ఎంపిక ఉందో లేదో చూడండి. లేకపోతే ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నా తీసుకోవద్దు.

ప్రతి గ్రాముకూ ఒక ఖర్చు ఉంది

గోప్రో హీరో 12 బ్లాక్ కెమెరా బ్యాటరీతో కలిపి 154 గ్రాములు. పాత హీరో 5 సెషన్ 74 గ్రాములు. బొటనవేలంత ఉండే ఇన్‌స్టా360 గో 3 కేవలం 35 గ్రాములు. మొబైల్ ఫోన్ అయితే 200 గ్రాముల దాకా ఉంటుంది; దాన్ని రబ్బరు బ్యాండ్లతో డ్రోన్‌కు కట్టే ప్రయోగం వద్దు.

బరువు పెరిగితే గాలిలో నిలబడడానికి కావలసిన కరెంటు అంతకంటే ఎక్కువ వేగంగా పెరుగుతుంది. 1.2 కిలోల డ్రోన్ 16 నిమిషాలు ఎగురుతుందనుకోండి. దానికి 150 గ్రాముల కెమెరా తగిలిస్తే సుమారు 13 నిమిషాలకు పడిపోతుంది. అందులో పావు వంతు చార్జింగ్ దిగడానికి మిగిల్చుకోవాలి కాబట్టి చేతిలో ఉండేది 10 నిమిషాలే.

అయితే చిన్న రైతుకు ఇది పెద్ద నష్టం కాదు. 3 ఎకరాల చదరపు పొలం ఒక్కో వైపు 110 మీటర్లు ఉంటుంది. పైన చెప్పిన డ్రోన్ కెమెరాతో నాలుగు సాళ్లు తిరిగితే మొత్తం పొలం వస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో ఇది రెండు నిమిషాల పని. ఎక్కడం, దిగడం కలిపినా ఐదు నిమిషాలు మించదు. అరగంట ఎగిరే ఖరీదైన డ్రోన్ ఎవరైనా అంటగట్టబోతే ఈ లెక్క గుర్తుంచుకోండి. తేలిక కెమెరా కావాలనడానికి మనకున్న అసలు కారణాలు రెండు. ఒకటి, బరువు డ్రోన్ సమతూకాన్ని దెబ్బతీసి గాలికి తూలేలా చేస్తుంది. రెండోది చట్టం, దాని గురించి కింద చెప్పాం.

వణుకు, మసక

జపాన్‌లో యమహా సంస్థ 1987లోనే ఆర్-50 అనే మనిషి లేని హెలికాప్టర్‌ను పైర్లకు మందు చల్లడానికి తెచ్చింది. కాబట్టి రిమోట్ హెలికాప్టర్ వ్యవసాయానికి కొత్త కాదు. కానీ ఒకే పెద్ద రెక్క తిరిగే చిన్న హెలికాప్టర్లలో వణుకు ఎక్కువ. చవక కెమెరాలు ఫ్రేమును ఒకేసారి కాకుండా వరుసలు వరుసలుగా చదువుతాయి. వణుకుతున్నప్పుడు అలా చదివితే గట్లు, స్తంభాలు జెల్లీలా ఊగుతూ కనిపిస్తాయి. కెమెరాలోని స్టెబిలైజేషన్ ఈ జెల్లీని పూర్తిగా సరిచేయలేదు. ముందు రెక్కలను బ్యాలెన్స్ చేయించాలి, తర్వాత కెమెరా కింద మెత్తటి రబ్బరు బుడిపెలు లేదా స్పాంజి పెట్టాలి. నాలుగు రెక్కల డ్రోన్‌లో సమస్య తక్కువే, కానీ అంచు విరిగిన రెక్కతో ఎగరేస్తే అక్కడా ఇదే పరిస్థితి.

గింబల్ తప్పనిసరి అని అమ్మేవాళ్లు చెబుతారు. డ్రోన్‌తోపాటే వచ్చినదైతే మంచిదే. విడిగా కొని తగిలిస్తే కెమెరాతో సమానంగా బరువు పెరుగుతుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తూ రెండు సెకన్లకు ఒక ఫోటో తీసే పద్ధతికి గింబల్ లేకపోయినా పని జరుగుతుంది. నిజానికి పైరు పరిశీలనకు వీడియో కన్నా ఈ వరుస ఫోటోలే మేలు. రెండు సెకన్లకు 10 మీటర్లు కదులుతుంది కాబట్టి పక్కపక్క ఫోటోల్లో మూడింట రెండు వంతులు ఒకే నేల వస్తుంది, ఏ చోటూ తప్పిపోదు. టైమ్‌ల్యాప్స్ లేదా ఇంటర్వెల్ ఫోటో సదుపాయం ఉందేమో అడగండి.

షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే వీలుండాలి. డ్రోన్ సెకనుకు 5 మీటర్లు కదులుతుంటే, 50వ వంతు సెకను షట్టర్‌లో అది 10 సెంటీమీటర్లు జరిగిపోతుంది, ఆకులన్నీ గీతలవుతాయి. 1000వ వంతులో అర సెంటీమీటరే జరుగుతుంది. సినిమావాళ్లు లెన్స్‌కు పెట్టే నల్ల ఫిల్టర్లు షట్టర్‌ను నెమ్మదింపజేస్తాయి. మనకు అవి అనవసరం.

వైట్ బ్యాలెన్స్ కూడా మనం బిగించుకునేలా ఉండాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా తనకు తోచినట్టు రంగు మారుస్తుంది. పోయిన వారం పచ్చగా ఉన్న మడి ఈ వారం పసుపుగా కనిపిస్తే అది నత్రజని లోపమో, కెమెరా చేసిన మార్పో చెప్పలేం. ప్రతి వారం ఒకే సమయానికి, ఒకే ఎత్తు నుంచి తీయండి. నీళ్లున్న వరి మడిలో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మెరుపు పడుతుంది కనుక ఉదయం 10 గంటల ప్రాంతం మంచిది.

వైఫై ఆపకపోతే

చాలా రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. యాక్షన్ కెమెరాల వైఫై కూడా ఎక్కువగా అదే. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉంటే రిమోట్ మాట డ్రోన్‌కు సరిగా వినిపించకపోవచ్చు. ఎగరేసే ముందు కెమెరా వైఫై ఆపేయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, కరెంటు తీగల పక్కన ఒక్క క్షణం పట్టు తప్పితే కెమెరా, డ్రోన్ రెండూ పోతాయి. మెమరీ కార్డు మీద వీ30 గుర్తు ఉండాలి. 10 నిమిషాల 4కే వీడియోకు 4 నుంచి 8 జీబీ పడుతుంది.

మొక్క ఆరోగ్యాన్ని రంగుల్లో చూపించే మల్టీస్పెక్ట్రల్ కెమెరాలు లక్షల్లో ఉంటాయి. రెండు మూడు ఎకరాల రైతుకు సొంతంగా అవసరం లేదు. మామూలు కెమెరా ఫిల్టర్ తీసేసి అదే పని చేయిస్తామనేవారి మాట నమ్మవద్దు. అందులో ఎరుపు, పరారుణ కాంతులు కలిసిపోయి తప్పు లెక్క వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం కెమెరాతో సహా మొత్తం బరువు 250 గ్రాముల లోపు ఉంటే నానో, అది దాటి 2 కిలోల వరకు మైక్రో. 240 గ్రాముల డ్రోన్‌కు 35 గ్రాముల కెమెరా అంటిస్తే అది మైక్రో అయిపోతుంది. మైక్రో డ్రోన్‌ను సొంత పొలం మీద ఎగరేసుకోవడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పక్కవాళ్ల పొలాలు డబ్బు తీసుకుని వీడియో తీస్తే మాత్రం కావాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే ఎగరేయాలి. విమానాశ్రయం దగ్గరి గ్రామాలవారు ముందుగా డిజిటల్ స్కై మ్యాప్‌లో తమ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. తయారై వచ్చే విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, విడి భాగాలకు ఆ నిషేధం లేదు. బిల్లు లేకుండా చవకగా దొరికే విదేశీ డ్రోన్ కొంటే రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

డబ్బు కట్టే ముందు

పాత ఎరువుల సంచిని 2, 4, 6, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి గట్టు మీద పరచండి. అమ్మేవారితో అదే డ్రోన్, అదే కెమెరాతో 30 మీటర్ల ఎత్తు నుంచి తీయించి, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూడండి. 4 సెంటీమీటర్ల పట్టీ అంచులు స్పష్టంగా కనిపిస్తే ఆ కెమెరా పొలానికి పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల పట్టీ కూడా మసకగా ఉంటే, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.